బావ పేరు మీద బామ్మర్ది ఛాతీ

నాకు మూడు భాషల్లో మనుషుల ఊపిరి బిగబట్టించడం వచ్చు. ఆదిలాబాద్‌కు బస్సులో గంట దూరం ఉన్న మా చిన్న దవాఖానలో ఎక్స్-రే తీసేది నేనొక్కదాన్నే. తెలుగువాళ్లకు తెలుగు, ఉర్దూవాళ్లకు ఉర్దూ. మహారాష్ట్ర వైపు నుంచి వచ్చేవాళ్లకు "శ్వాస్ ఘ్యా" అని ఊపిరి తీయించి, ఆపమని, చివరికి "సోడా" అంటాను. మరాఠీలో సోడా అంటే వదలమని. ఒకసారి చెవులు సరిగ్గా వినపడని ఒక మరాఠీ ముసలాయనకు "సోడా, సోడా" అని అరిచి అరిచి పంపాను. తర్వాత లోపలికి వచ్చిన మన తెలుగు పెద్దమనిషి మిషన్ ముందు నిలబడకుండా బల్ల మీద, బల్ల కింద వెతకడం మొదలుపెట్టాడు. ముందుపోయినోళ్లకు సోడా ఇచ్చి తనకు ఇయ్యకపోవడం ఏం పద్ధతని పోయేటప్పుడు కూడా గొణుక్కుంటూనే పోయాడు.

తెలుగులో నేను వాడే మాట "దమ్ము గుంజు". మేం చదువుకున్న పుస్తకంలో "గాలి దీర్ఘముగా పీల్చుము" అని ఉండేది. అలా అంటే మా దగ్గర జలుబు చేసినవాళ్లలా ముక్కు ఎగబీలుస్తారు, ఛాతీ కదలదు. దమ్ము గుంజమంటే మాత్రం నిండా గుంజుతారు. నేను చెప్పబోయే సంగతిలో సగం ఈ మాట తెచ్చిన తంటా. మిగతా సగం నా పొగరు.

పొగరు దేని గురించంటే, ఒకసారి చూసిన మొహం నేను మరిచిపోనని. మందమర్రి కోలరీ క్వార్టర్లలో పెరిగినదాన్ని. మా బాపు గనిలో పనిచేసేవాడు. మా వరసలో తెల్లవారుజామున షిఫ్టుకు పోయేవాళ్ల దగ్గు విని, పక్కమీద నుంచి లేవకుండానే ఎవరు పోతున్నారో చెప్పేదాన్ని. అవ్వ నన్ను పక్కింటివాళ్ల ముందు పరీక్ష పెట్టి మురిసిపోయేది. అంత చిన్నప్పటి నుంచి మెచ్చుకుంటే ఎవరికైనా కొంచెం ఎక్కువే అవుతుంది.

మా దవాఖానలో ఎక్స్-రే తీయడం ఇక్కడ, చదవడం కరీంనగర్‌లో. మా డ్యూటీ డాక్టరు జ్వరాలకు, కాన్పులకు పరుగులు పెట్టడానికే సరిపోతాడు. ఛాతీలో ఉన్నది టీబీ మచ్చా, పాత న్యుమోనియా గుర్తా అని తేల్చి చెప్పే రేడియాలజిస్టు ఇంత దూరం వచ్చి కూర్చోడు కదా. అందుకని నేను తీసిన బొమ్మ కంప్యూటర్ నుంచి నెట్ మీద కరీంనగర్ పోతుంది, అక్కడ సారు తన ఇంట్లో కూర్చుని చూసి రిపోర్టు పంపిస్తారు. సిగ్నల్ మా గదిలో కిటికీ దగ్గర ఒక్కచోటే దొరుకుతుంది కాబట్టి, నెట్ డబ్బాను కిటికీ ఊచకు కట్టుగుడ్డతో కట్టి పెట్టాను. బొమ్మ తొంభై తొమ్మిది శాతం దాకా బుద్ధిగా పోయి అక్కడ మొరాయిస్తుంది. అప్పుడు దాన్ని తిట్టాలి. తిడితే పోతుందని నాకు సైన్సుపరంగా తెలియదు గానీ, తిట్టకుండా పోయిన రోజు లేదు.

ఆ సారును నేను ఇప్పటిదాకా చూడలేదు. గొంతు తెలుసు. వాళ్ల ఇంటి కుక్కర్ తెలుసు. మూడు కూతలు పడ్డాక "తింటరా, తినరా" అని వినిపించే వాళ్ల ఇంటావిడ గొంతు తెలుసు. ఆయనకు మా మండలమంతా లోపలి నుంచి తెలుసు. "ఆ పక్కటెముక వంకర మనిషి మళ్లీ రాలేదేంది, బాగున్నడా?" అని అడుగుతారు. మనిషి పేరు చెబితే మాత్రం గుర్తుపట్టరు.

మొదట్లో మా ఇద్దరికీ పడేది కాదు. ఒకరోజు ఫోన్ చేసి, "ఏమమ్మా, మీ దిక్కు ఆడోళ్లు ఊపిరితిత్తులను పిన్నీసులతోని కుట్టుకుంటరా? ఒక్క ఛాతీల నాలుగున్నయి" అన్నారు. నాకు కోపం వచ్చింది. పుస్తెలతాడు మెడలోంచి తీయమంటే ఎవరు తీస్తారు, వీపు మీదికి వేయించేసరికే నాకు తల ప్రాణం తోకకు వస్తుంది. "మీ కరీంనగర్ల పుస్తెలతాడుకు పిన్నీసులు పెట్టుకోరా సార్?" అన్నాను. దూరంగా ఇంటావిడను ఏదో అడగడం వినపడింది. తర్వాత, "పెట్టుకుంటరట" అని ఫోన్ పెట్టేశారు. అప్పటి నుంచి మాకు పడింది.

ఇక అసలు మనిషి. మెట్‌పల్లి దగ్గరి పల్లె ఆయనది. చాలా ఏళ్లు గల్ఫ్‌లో పనిచేసి వచ్చాడు, మళ్లీ పోవాలి. రెండు నెలలుగా దగ్గు. ఛాతీలో ఆవగింజంత మచ్చ కనపడినా హైదరాబాద్‌లో జరిగే గల్ఫ్ మెడికల్‌లో అన్‌ఫిట్ అంటారని, ముందు ఎక్కడైనా ఎక్స్-రే తీయించి శుభ్రంగా ఉందని చూపిస్తేనే కాగితం కదిలిస్తానని ఏజెంటు అన్నాడట. మెట్‌పల్లిలో తీయించుకుంటే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. అందుకని మా దగ్గర ఉన్న అత్తగారి ఊరికి చుట్టంచూపుగా వచ్చి, అక్కడి నుంచి గుట్టుగా మా దవాఖానకు వచ్చాడు. ఇదంతా ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకుంటూ, బయట వరసలో ఉన్నవాళ్లందరికీ వినపడేలా చెప్పాడు.

అంగీ విప్పించి, మిషన్ ముందు నిలబెట్టి, "దమ్ము గుంజు" అన్నాను.

"గీడనా మేడమ్?"

"గీడనే. నిండ గుంజాలె."

"మీరేమనుకోరు గద."

"నేనేమనుకుంట? జల్ది గుంజు, ఎనక మంది ఉన్నరు" అని నేను అడ్డుగోడ వెనక్కి పోయి అద్దంలోంచి చూద్దును కదా, ఆయన నోట్లో బీడీ ఉంది, లాగు జేబులో అగ్గిపెట్టె కోసం తడుముకుంటున్నాడు. నేను వేసిన కేకకు డ్యూటీ డాక్టరు కాన్పుల గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు. తప్పు ఆయనది కాదు. మా దిక్కు దమ్ము గుంజడమంటే బీడీ కాల్చడం కూడా. ఇన్నేళ్లలో ఎవరూ అలా అర్థం చేసుకోకపోవడమే వింత.

ఆ తర్వాత పాపం సిగ్గుతో ముడుచుకుపోయి, ఎంత చెప్పినా నిండా ఊపిరి తీసుకోలేదు. బొమ్మ చూసి సారు, "దమ్ము సరిపోలేదమ్మా, సగం ఛాతీ కనిపిస్తనే లేదు. మళ్లీ తియ్యి" అన్నారు. అప్పటికి మనిషి వెళ్లిపోయాడు. ఫోన్ చేశాను.

"మల్ల తియ్యాలె, వచ్చే వారం రా."

"ఏమన్న కనవడ్డదా మేడమ్?"

"ఏం కనవడలే. అందుకే మల్ల తియ్యాలె."

నేను చెప్పింది అక్షరాలా నిజం. కానీ చావుబతుకుల్లో ఉన్నవాళ్లకే ఇలా తీయగా చెబుతారని ఆయన అనుకున్నాడు. 'మల్ల తియ్యాలె' అన్న రెండు మాటలు పట్టుకుని, తనకు టీబీ ఖాయమని, గల్ఫ్ గల్లంతని అత్తగారింట్లో అన్నం మానేశాడట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

వారం తర్వాత ఆ పేరు చీటీ వచ్చింది. దగ్గుతో వచ్చినవాళ్లందరికీ మేం మాస్కు ఇస్తాం. మాస్కు పెట్టుకున్న ఒక మనిషి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. పేరు పిలిచాను, పలకలేదు. మళ్లీ పిలిచాను, కిటికీ వైపు చూస్తున్నాడు. మూడోసారి పిలిచేసరికి ఎవరో గిచ్చినట్టు లేచి, "నేనే, నేనే" అన్నాడు. తండ్రి పేరు అడిగాను. "మా మామ పేరు..." అని ఆగి, "మా బాపు పేరు" అని సరిచేసుకుని చెప్పాడు. చీటీలో ఉన్న పేరే. టిక్కు పెట్టాను.

దమ్ము గుంజు అన్నదే ఆలస్యం, ఛాతీ పొంగింది. నేను వదలమనేదాకా కదలలేదు. ఇంత చక్కటి బొమ్మ ఆ నెలలో రాలేదు. "గింత దమ్ము ఏడికెల్లి వచ్చిందయ్యా?" అని మెచ్చుకున్నాను. "కబడ్డీ మేడమ్" అన్నాడు. రెండుసార్లు దగ్గి, "పత్తి దుమ్ము. జిన్నింగ్ మిల్లుల పని చేస్త గద" అన్నాడు. వారం కింద బీడీ వెలిగించబోయిన మెట్‌పల్లి గల్ఫ్ ఆయన ఇవాళ కబడ్డీ ఆడేవాడు ఎలా అయ్యాడో, ఆదిలాబాద్ జిన్నింగ్ మిల్లులో ఎప్పుడు చేరాడో, పదిహేనేళ్లు ఎలా తగ్గాడో నాకు తట్టలేదు. చూసిన మొహం మరిచిపోనిదాన్ని నేనే.

మధ్యాహ్నం సారు ఫోన్ చేశారు. వెనక కుక్కర్ మొదటి కూత.

"అమ్మా, ఆ మెట్‌పల్లి ఆయన ఈ వారంల ఏడన్న పడ్డడా?"

"లేదు సార్, ఎందుకు?"

"కుడి దిక్కు కాలర్ బొక్క విరిగింది, మెడ కింది ఎముక."

"అయ్యో."

"విరిగి అతికింది. అతికి గూడ ఏండ్లు దాటింది. పోయిన వారం బొమ్మల మాత్రం అది విరగనే లేదు."

రెండో కూత పడింది.

"మనిషి మారిండమ్మా. పేరు ఒకరిది, ఛాతీ ఇంకొకరిది. నువ్వు మొహం చూడలేదా?"

ఆ మాటకు నాకు చెంప మీద కొట్టినట్టైంది. సారు గొంతు తగ్గించారు. ఈ రెండో ఛాతీలో కుడివైపు పైన మచ్చ ఉంది, మచ్చ మధ్యలో చిన్న గుంత ఉంది. టీబీ అనే అనుమానం, తెమడ పరీక్ష చేస్తే తేలుతుంది. "కానీ మనిషి ఉంటేనే గద తెమడ" అన్నారు. "ఎవలో ఏమో, తెల్వకుండ తిరుగుతుండు. ఎట్లన్న పట్టుకో." ఆ రోజు ఆయన మూడో కూత తర్వాత కూడా అన్నానికి లేవలేదు. ఇంటావిడ రెండుసార్లు పిలిచింది.

చీటీ మీద ఉన్న నంబరు మెట్‌పల్లి ఆయనదే. రిపోర్టు వచ్చిందని మాత్రం చెప్పి రమ్మన్నాను. తెల్లారి తల నున్నగా దువ్వుకుని, మాస్కు గీస్కు లేకుండా వచ్చాడు. ఇప్పుడు చూశాను మొహాన్ని, బాగా చూశాను. లోపల ఉడికిపోతున్నాను గానీ ముందు సంగతి చెప్పాలి కదా. "ఎక్స్-రేల టీబీ అనుమానం ఉన్నది" అన్నాను.

ఆయన నవ్వాడు. పరీక్ష పాసైన మనిషి నవ్వు. వారం రోజుల బరువు దిగిపోయినట్టు కుర్చీలో వెనక్కి వాలి, "గంతేనా మేడమ్, ఇంకేం ఫికర్ లేదు" అన్నాడు. ఆ బొమ్మ తనది కాదు కాబట్టి, ఆ జబ్బు తనది కాదు. అంతవరకే లెక్క వేసుకున్నాడు.

"గా ఛాతీ ఎవలిది?" అన్నాను.

నవ్వు అలాగే ఉంది, కళ్లు మాత్రం మారాయి. ఆ తర్వాత నవ్వు కూడా పోయింది. గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. నా కోపమంతా ఎటు పోయిందో తెలియదు, మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను. తాగలేదు.

"మా బామ్మర్దిది మేడమ్" అన్నాడు చివరికి. "కబడ్డీ ఆడినోడు, ఇనుప ఛాతీ, వానిదైతే సాఫ్ వస్తదనుకున్న. వాడు రానన్నడు. బావకు గింత పని చెయ్యవారా అని నేనే బతిమిలాడి పంపిన."

"హైదరాబాద్ల అసలు మెడికల్‌కు ఎవలిని పంపుదామనుకున్నవు?"

"గదాంక సోంచాయించలే, గీ ఒక్క కాగితం ముచ్చటే ఆలోచన చేసిన."

బామ్మర్దికి ఫోన్ చేయించాను, స్పీకర్ పెట్టి. అవతల జిన్నింగ్ మిల్లు హోరు. బావ ఫోన్ మీదికి వంగి, "నీకు టీబీ ఉన్నట్టున్నదిరా, జల్ది దవాఖానకు రా" అన్నాడు. అవతల బామ్మర్ది పడీ పడీ నవ్వాడు. "నీ ఛాతీ ఖరాబని నా మీదికి తోస్తున్నవా బావ? మంచిగున్నది ఉపాయం" అని ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే నేను మాట్లాడాను. "మేడమ్, మీరు సుత మా బావ పార్టీయేనా" అన్నాడు.

"నమ్మడు మేడమ్" అన్నాడు బావ. "తప్పు నాదే. పోయినేడు నీకు సర్కారు నౌకరి ఆర్డర్ వచ్చిందని చెప్పి, కొత్త అంగీ తొడిగిచ్చి ఆదిలాబాద్ బస్ ఎక్కిచ్చిన. కలెక్టర్ ఆఫీసుల పొద్దుందాక కూసున్నడు." బావా బామ్మర్దుల పరాచికాలు ఎక్కడైనా ఉండేవే. ఆ రోజు మాత్రం అవి నాకు అస్సలు నవ్వు తెప్పించలేదు.

బామ్మర్దిని లైన్‌లోనే ఉండమని, నా ఫోన్‌లో సారును కలిపాను. రెండు ఫోన్లూ ఎదురెదురుగా పట్టుకున్నాను. ఒకదానిలో మిల్లు హోరు, ఇంకోదానిలో సారు గొంతు.

"బిడ్డా, నీ కుడి భుజం కాడ కాలర్ బొక్క ఎప్పుడన్న విరిగిందా?"

అవతల నవ్వు ఆగింది. "ఇంటర్ల ఉన్నప్పుడు, కబడ్డీల. మీకెవలు చెప్పిన్రు? మా బావకు సుత తెల్వది."

"ఎవలు చెప్పలే, చూసిన. మీ బావ నిన్ను బయటికెల్లి చూసిండు. ఈ మేడమ్ బయటికెల్లి సుత చూడలే. లోపలికెల్లి చూసింది నేనొక్కణ్ణే." నేను ఫోన్లు వదిలేయకుండా అలాగే పట్టుకున్నాను. "కుడి దిక్కు మీద గుంత ఉన్నది బిడ్డా. ఆర్నెల్లు గోలీలు మింగితే మానుతది, సర్కారే ఇస్తది. ఇంట్ల చిన్నపిల్లలున్నరా?"

"పాప ఉన్నది సార్. తొమ్మిదో నెల."

"రాత్రిపూట నీ పక్కపొంటే పంటదా?"

మిల్లు హోరు కొంచెం దూరమైంది, ఫోన్ పట్టుకుని బయటికి నడిచినట్టున్నాడు. తర్వాత, "నా ఛాతీ మీద్నే పంటది సార్" అన్నాడు.

బావ మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. నాకూ ఏడుపు వచ్చింది. ఎందుకు దాచాలి, వచ్చింది.

గంటలో బామ్మర్ది వచ్చాడు, తల నిండా పత్తి నూగుతో. తెమడలో టీబీ ఉందని తేలింది. పాపను, తల్లిని పరీక్ష చేశారు, జబ్బు లేదు. పాపకు ముందుజాగ్రత్తగా మందు మొదలుపెట్టారు. బావకు మళ్లీ ఎక్స్-రే తీశాను. "ఇప్పుడు గుంజాల్నా?" అని ఆయనే భయం భయంగా అడిగి, రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయని చూపించి మరీ గుంజాడు. ఛాతీ శుభ్రం. దగ్గు బీడీల వల్లేనని సారు రాశారు. ఏ కాగితం కోసం ఇంత చేశాడో, ఆ కాగితం ఆయన చేతిలోకి వచ్చింది.

ఆయన గల్ఫ్ పోలేదు. బామ్మర్ది నీరసంగా ఉన్నన్ని రోజులు మిల్లులో అతని జాగా పోకుండా ఎవరో ఒకరు పనిచేయాలి. "నా బదులు వాడు నిలవడ్డడు, వాని బదులు నేను నిలవడ్త" అని బావ అత్తగారింట్లోనే ఉండిపోయి, పత్తి మూటలు మోయడానికి పోయాడు. హాజరు వేసే మునీము బామ్మర్ది పేరు పిలిస్తే, దుమ్ముకు కట్టుకున్న గుడ్డ వెనక నుంచి "నేనే, నేనే" అనేవాడట. ఒకరోజు తండ్రి పేరు అడిగితే, "మా మామ పేరు... మా బాపు పేరు" అన్నాడట. మునీముకు అంతా తెలుసు, కావాలని అడిగేవాడు. ఇక మెట్‌పల్లి వైపు ఊళ్లో ఆయన గల్ఫ్ పోయాడనే అనుకున్నారు. అక్కడ ఎండలు ఎట్లున్నయని ఫోన్‌లో అడిగితే, ఆదిలాబాద్ ఎండలో నిలబడి, మస్తున్నయని చెప్పేవాడట. అది మాత్రం అబద్ధం కాదు.

బామ్మర్ది గోలీలు ఒక్కరోజు తప్పలేదు. రెండు నెలలకే తెమడ శుభ్రమైంది, ఇక పాపను ఎత్తుకోవచ్చని చెప్పాను. వినలేదు. ఆరు నెలలు అయిపోయేదాకా వసారాలోనే పడుకున్నాడు.

ఆఖరి ఎక్స్-రేకు ఇంటిల్లిపాదీ వచ్చారు. ఇప్పుడు నాకు ఒక పద్ధతి ఉంది. మిషన్ ముందు నిలబెట్టేలోపు ఎవరైనా సరే ఒక్కసారి మాస్కు దించి మొహం చూపించాల్సిందే. దించాడు. పేరు అడిగితే తన పేరు, తండ్రి పేరు అడిగితే తన తండ్రి పేరు, ఎక్కడా ఆగకుండా చెప్పాడు. బొమ్మ తొంభై తొమ్మిది దగ్గర ఆగింది, తిట్టాను, పోయింది. సారు ఫోన్ చేశారు. "గుంత మానిందమ్మా, సన్నటి గీత మిగిలింది. కాలర్ బొక్క పాతదే. మనిషి ఆయనే."

"పాపను పండవెట్టుకోవచ్చునా సార్?" అని బామ్మర్ది నా చేతిలోని ఫోన్ దగ్గరికి వంగి అడిగాడు.

"పండవెట్టుకో బిడ్డా" అన్నారు సారు.

బెంచీ మీద కూర్చుని మాస్కు తీసేసి, పాపను అందుకుని ఛాతీ మీద ఆనించుకున్నాడు. పాపకు ఇప్పుడు నడక వచ్చింది. నిద్ర మొహంతోనే ఉంది గానీ, అక్కడ నిమిషం కూడా ఉండలేదు. తన్నుకుని, ఏడ్చి, పక్కన కూర్చున్న బావ వైపు చేతులు చాచింది. ఆయన ఎత్తుకోగానే ఆయన అంగీ గుండీ ఒకటి పట్టుకుని, తెలిసిన చోటు వెతుక్కున్నట్టు ఛాతీ మీద చెంప పెట్టి కళ్లు మూసుకుంది. బావ ఏదో దొంగతనం చేసి దొరికిపోయినట్టు నేల చూపులు చూశాడు.

"నా బదులు గీడ సుత నువ్వే నిలవడ్డవా బావ" అన్నాడు బామ్మర్ది. నవ్వుతూనే అన్నాడు. కానీ మాస్కు లేని మొహం కాబట్టి నాకు అంతా కనిపించింది.